ఆముదం అంటని చేతులు

ఆ రోజుల్లో మెదక్ మొత్తానికి తలకు నూనె రాసుకోని ఆడమనిషి ఒక్కతే ఉండేది. పేరు ఎలిశిబా. దవాఖానలో పని. నలభై ఏళ్ళు దాటిన మనిషి, జుట్టు ఎండిన జనుములా రేగి చెంపల మీద పడుతుంటే పైట చెంగుతో అదిమి కట్టుకుని నడిచేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గుడి మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు గుసగుసలాడుకునేవారు. మొగుడు పోయిన దుఃఖం ఇంకా తీరలేదు పాపం అని కొందరు. దుఃఖమూ లేదు, ఏమీ లేదు, నూనె కొనడానికి చెయ్యి రాదు అని మరికొందరు. ఎలిశిబా ఎవరికీ జవాబు చెప్పేది కాదు. అసలు కారణం చెబితే ఇంకా నవ్వుతారని ఆమెకు తెలుసు.

దవాఖానలో ఆక్సిజన్ సిలిండర్లు ఆమె చేతి కింద ఉండేవి. తలకు నూనె రాస్తే చేతికి అంటుతుంది, చేతికి అంటితే సిలిండరు మూతి దగ్గరి మరకు అంటుతుంది, మరకు అంటితే మనుషులు పోతారు. అందుకని మానేసింది. కారణం ఇంతే. ఇంత చిన్న కారణానికి ఆరేళ్ళు జుట్టు ఎండగట్టుకున్న మనిషిని నేనింకొకరిని చూడలేదు, మీరు చూసి ఉంటే చెప్పండి.

ఆ సంగతి ఆమెకు చదువు చెప్పి నేర్పినవాళ్ళు లేరు. పెద్ద యుద్ధం నడుస్తున్నప్పుడు ఆమె భర్త యాకోబు సికింద్రాబాదులో కాపురం పెట్టి, లారీలు బాగుచేసే ఒక షెడ్డులో కూలికి ఉన్నాడు. అక్కడ ఇనుమును అతకడానికి ఆక్సిజన్ వాడేవారు. ఒకరోజు సిలిండరు మర బిగుసుకుపోయింది. మన దగ్గర బిగుసుకుపోయిన దేనికైనా మందు ఒకటే కదా, ఆముదం. బండి ఇరుసు కిర్రుమంటే ఆముదం, గిలక తిరక్కపోతే ఆముదం, తలుపు బందు పట్టేస్తే ఆముదం. యాకోబు కూడా నాలుగు చుక్కలు వేసి పానాతో తిప్పాడు. ఇంటికి అతని చెప్పుల జత ఒక్కటే వచ్చింది.

మరొకతె అయితే ఏడ్చి, ఆ చెప్పులు పట్టుకుని ఊరికి తిరిగి వచ్చేది. ఎలిశిబా కూడా ఏడ్చింది, కానీ ఏడుపు అయ్యాక షెడ్డు గుమ్మంలో కూర్చుని, ఎందుకు పేలిందో చెప్పేదాకా లేవనంది. మూడో రోజుకు ఒక ముసలి మేస్త్రీ మనసు కరిగి దగ్గర కూర్చుని వివరంగా చెప్పాడు. ఆముదపు దీపం వెలగాలంటే అగ్గిపుల్ల కావాలి. కానీ ఆ సిలిండరు బుడ్డిలో గాలిని కూరి కూరి పెట్టి ఉంటారు, అది ఒక్కసారిగా బయటికి దూకి నూనెకు తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు, నూనె తనంతట తానే అంటుకుంటుంది. దానికి తోడు బుడ్డి లోపల తుప్పు పట్టి గోడ పలచబడి ఉంటే ఇక ఇనుము కూడా మట్టికుండతో సమానం. బాగున్న బుడ్డిని పానాతో తడితే కంచు చెంబులా సాగి మోగుతుందనీ, చెడింది పగిలిన కుండలా టప్పుమని ఊరుకుంటుందనీ కూడా అతనే చెప్పాడు. ఎలిశిబా ఆ మాటలను బైబిలు వాక్యాలు కంఠస్థం చేసినట్టు చేసింది.

మెదక్ తిరిగి వచ్చి దవాఖానలో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడ కాంపౌండరు తలకు పట్టించిన కొబ్బరినూనె చేతులతోనే సిలిండరు తిప్పబోతుంటే చీపురు కింద పడేసి అతని మణికట్టు పట్టుకుంది. ఊడ్చే మనిషి కాంపౌండరు చెయ్యి పట్టుకోవడమా అని పెద్ద గొడవే అయింది. అయితే పెద్ద నర్సమ్మ తెలివైనది. సంగతి అంతా విని, పుస్తకం తిరగేసి చూసి, సిలిండర్ల గది తాళం చెవి ఎలిశిబా చేతిలో పెట్టింది. అప్పటి నుంచి రైల్లో అక్కన్నపేట స్టేషనుకు దిగిన సిలిండర్లను ఎడ్లబండి మీద గడ్డి పరుపు వేసి తెచ్చేటప్పుడు, బండి వెనకాలే ఆమె నడిచి వచ్చేది. దొర్లించనిచ్చేది కాదు, ఎండలో నిలబెట్టనిచ్చేది కాదు. ఒక్కొక్కదాన్ని తట్టి, చెవి పెట్టి వినేది. మర విప్పేటప్పుడు పక్కకు ఒరిగి నిలబడి, పసిబిడ్డ నోట్లో పాలు పోసినంత మెల్లగా విప్పేది. రజాకార్ల రోజుల్లో రైళ్ళు సరిగా నడవక, ఉన్న రెండు సిలిండర్లతో ఎనిమిది నెలలు నెట్టుకొచ్చింది. ఆ గాలితో ఊపిరి తీసుకుని బతికిన పిల్లలు ఇప్పటికీ మెదక్‌లో ముసలివాళ్ళయి తిరుగుతున్నారు. వాళ్ళకు ఆమె పేరు తెలియదు.

ఎలిశిబాకు ఒక తమ్ముడు ఉండేవాడు, ఎల్లం. అమ్మా అయ్యా చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. పెళ్ళితో అక్క క్రీస్తు సంఘంలోకి వెళ్ళింది, తమ్ముడు ఎల్లమ్మ తల్లిని వదల్లేదు. అయినా ఆదివారం కూర అక్క ఇంట్లోనే. ఎల్లం బావుల్లో మునిగేవాడు. ఊళ్ళో బొక్కెన తెగినా, బిందె జారినా, పెళ్ళికూతురి కడియం పడినా ఎల్లానికి కబురు వెళ్ళేది. ఒంటికి ఆముదం దట్టంగా పట్టించి, చెవుల్లో రెండు చుక్కలు వేసుకుని, ఎల్లమ్మను తలుచుకుని దూకేవాడు. పైన ఉన్నవాళ్ళు తమలపాకు నమిలి ఉమ్మేసేదాకా తేలేవాడు కాదు. అతని దమ్ము గురించి అల్లాదుర్గం నుంచి చేగుంట దాకా చెప్పుకునేవారు.

కానీ రెండేళ్ళుగా ఆ దమ్ము లేదు. నీళ్ళలోంచి తేలేసరికి ముక్కులోంచి నెత్తురు, రాత్రంతా దగ్గు. దవాఖానలో ఇటువంటి దగ్గులు ఎన్నో విన్న అక్కకు వెంటనే తెలిసిపోయింది. ఎల్లం ఆమె రెండు చేతులూ పట్టుకుని ఎవరికీ చెప్పవద్దన్నాడు. దమ్ము పోయిందని తెలిస్తే ఎల్లాన్ని ఎవరు పిలుస్తారు? పిలవకపోతే ఎల్లం ఎవరు? ఎలిశిబా ఆ మాటను కడుపులో పెట్టుకుంది. లోతు లేని బావులే ఒప్పుకోమని మాత్రం ఒట్టు వేయించుకుంది.

ఇంతలో పోలీస్ యాక్షన్ అయింది. మిలిటరీ వచ్చింది, రజాకార్లు ఎటువాళ్ళు అటు పారిపోయారు. పారిపోతూ తుపాకులను వెంట తీసుకుపోలేక చేగుంట బాట మీద ఒక జాగీర్దారు తోటలోని బావిలో పడేశారు. పది గజాల నీళ్ళు, అడుగున బురద. ఆ తుపాకులు మళ్ళీ ఎవరి చేతుల్లోనూ పడకుండా బయటికి తీయాలని మిలిటరీ వాళ్ళు చాటించారు. గుత్త పట్టినవాడు అమరేందర్. పట్నంలో నాలుగు ముక్కలు చదువుకున్నవాడు, మాటకారి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. యుద్ధం అయ్యాక పాత మిలిటరీ సామాను వేలం వేస్తే, నీళ్ళ కింద ఊపిరి తీసుకునే ఒక యంత్రం కొని తెచ్చాడు. ఒక రబ్బరు తిత్తి, మూతికి గొట్టం, తోలు పట్టీలు, రొమ్ము మీద కట్టుకునే మూరెడు సిలిండరు. ఇది కట్టుకుంటే గంటసేపు అడుగున కూర్చోవచ్చని ఎల్లానికి చెప్పాడు.

గంటసేపు! ఎల్లానికి ఆ మాట అమృతంలా వినిపించింది. దమ్ము లేకపోయినా ఎల్లం ఎల్లంగానే ఉండవచ్చు, ఎవరికీ ఏమీ తెలియదు. సరేనని ఒప్పుకుని వచ్చాడు. అక్కకు వేసిన ఒట్టు ఆ సంతోషంలో గుర్తుకు రాలేదో, గుర్తుకు వచ్చినా పక్కన పెట్టాడో, అతనికే తెలియాలి.

అమరేందర్ ఆ చిన్న సిలిండరు తీసుకుని దవాఖానకు వచ్చాడు, పెద్దదానిలోంచి గాలి నింపి ఇమ్మని. పైన కొత్త ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. ఎలిశిబా చేతులు కడుక్కుని వచ్చి దాన్ని పానాతో తట్టింది. టప్పుమంది. తలకిందులు చేసి చెవి దగ్గర ఊపింది. లోపల ఇసుక జారినట్టు తుప్పు జారింది. మెడ దగ్గర రంగు గోకి చూస్తే కింద గుంటలు గుంటలుగా తినేసి ఉంది.

“గిది మోగుతలేదు దొరా. లోపల తుప్పు రాలుతున్నది,” అంది. “గీ బుడ్డిల నేను గాలి నింపనియ్య. ఎవ్వల రొమ్ముకు కట్టనియ్య.”

అమరేందర్ నవ్వాడు. ఇంగ్లండు సరుకనీ, సముద్రాల కింద యుద్ధం చేసి వచ్చిందనీ, మెదక్ బావి దానికొక లెక్క కాదనీ అన్నాడు. ఊడ్చే మనిషికి మిలిటరీ సామాను సంగతి ఏం తెలుసని కూడా అన్నాడు. ఆమె సిలిండరు అతని చేతిలో పెట్టి గది తాళం వేసుకుంది. అతను పట్నం వెళ్ళి, ఎవరూ ఏమీ అడగని చోట నింపించుకుని మూడో రోజుకు తిరిగి వచ్చాడు.

ఆ సాయంత్రం, దాన్ని కట్టుకునేది ఎల్లమేనని తెలిసి, ఎలిశిబా తమ్ముడి ఇంటికి వెళ్ళి మొత్తుకుంది. యాకోబు చనిపోయినప్పటి నుంచి ఏ బుడ్డి చూసినా నీకు భయమే అని ఎల్లం కసురుకున్నాడు. కసురుకున్నాక తలవంచుకుని, దమ్ము ఉంటే దాని జోలికి నేనెందుకు పోతానక్కా అన్నాడు. వాడి ప్రాణం కాపాడాలంటే వాడి పరువు తీయాలి. పరువు కాపాడితే ప్రాణం పోతుంది. ఆ రాత్రంతా ఆమె ప్రార్థనలోనే కూర్చుంది.

తెల్లవారి దవాఖానలో చెప్పి, జాగీర్దారు తోటకు రెండు మైళ్ళు నడిచి వెళ్ళింది. వెళ్ళేసరికి బావి చుట్టూ సగం ఊరు ఉంది. కొత్తగా వచ్చిన స్వేచ్ఛ కదా, రజాకార్ల తుపాకులు బురదలోంచి లేస్తుంటే చూడాలని పిల్లాజెల్లాతో వచ్చారు. మిలిటరీ సుబేదారు గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎల్లం అలవాటు ప్రకారం తల నుంచి పాదాల దాకా ఆముదం పట్టించుకుని, పట్టీలు సరిచూసుకుంటూ ఉన్నాడు. ఆ జిడ్డు వేళ్ళతోనే సిలిండరు మర పట్టుకుని చూస్తున్నాడు. మర కదల్లేదు. అమరేందర్ ఇదేం పెద్ద పని అన్నట్టు ఎల్లం ఆముదం చిప్పలో వేలు ముంచి, మర చుట్టూ పుణ్యానికి రాసినట్టు బాగా రాశాడు.

ఎలిశిబా జనాన్ని తోసుకుంటూ వెళ్ళి తమ్ముడి రొమ్ము మీది పట్టీలు విప్పేసింది.

అమరేందర్ మండిపడ్డాడు. ఆమె అతని వంక చూడను కూడా చూడలేదు. తిన్నగా సుబేదారు దగ్గరికి వెళ్ళి, దవాఖానలో నేర్చుకున్న ఉర్దూలో సంగతంతా చెప్పింది. నూనె సంగతి, తుప్పు సంగతి, మోగని సంగతి. యాకోబు సంగతి కూడా. చివరికి ఒకటే అడిగింది. దాన్ని మనిషి రొమ్ము మీద కాకుండా పక్కన మొరం మట్టి తవ్విన గుంటలో పెట్టి, మీరు ఎలా విప్పుదామనుకున్నారో అలాగే దూరం నుంచి ఒకసారి విప్పనివ్వండి. ఏమీ కాకపోతే మళ్ళీ నింపుకుని వచ్చి దిగండి, నేను నోరెత్తను. సుబేదారు యుద్ధం చూసి వచ్చినవాడు. కాసేపు ఆమె చేతుల వంక చూసి, సరేనన్నాడు.

సిలిండరును పట్టీలతో సహా గుంటలో రాళ్ళ మధ్య నిలబెట్టారు. మర మీద పొడుగు పానా బిగించి, దాని కొసకు మోట మోకు కట్టి, గుంటకు చాలా దూరంగా గట్టు వెనక్కి జనాన్ని జరిపారు. మోకు కొస ఎలిశిబా చేతిలో పెట్టారు. ఆమె లాగింది. మోకు బిగిసి, పానా మర మీద నుంచి జారి రాళ్ళ మీద ఠంగుమని పడింది. సిలిండరు చెక్కుచెదరలేదు. జనం గొల్లున నవ్వారు. అమరేందర్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

పానా మళ్ళీ బిగించాలి. అంటే ఒకరు గుంటలోకి దిగాలి. ఆ సరికి మర ఎంతో కొంత కదిలిందో లేదో ఎవరికీ తెలియదు. ఎల్లం తన అక్క ముందుకు వచ్చి తాను వెళతానన్నాడు.

“నీ చేతులకు ఆముదముంది. నువ్వు జరుగు,” అంది ఎలిశిబా.

గట్టు మీద మట్టితో అరచేతులు రుద్దుకుని, ఒక్కతే గుంటలోకి దిగింది. ఆమె వంగి, సిలిండరుకు చెవి ఆనించి విని, పానాను మర మీద పెట్టి, మోకును ఈసారి రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. భయం వేయలేదా అని తర్వాత అడిగితే, వేసిందని దాచకుండా చెప్పింది. ఆమె గుండె రాయి అని ఊళ్ళో అనేవారు కానీ అది అబద్ధం. భయపడుతూనే మనిషి ఎంత పని చేయగలదో ఆ రోజు మెదక్ చూసింది. గట్టెక్కి వచ్చి మళ్ళీ మోకు పట్టుకుంది.

ఈసారి లాగగానే ముందు వెలుగు కనిపించిందా, చప్పుడు వినిపించిందా అని ఊళ్ళో చాలా రోజులు వాదించుకున్నారు. గుంటలోంచి రాళ్ళూ మొరమూ తాటిచెట్టు ఎత్తుకు లేచాయి. ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. దుమ్ము అణిగాక చూస్తే సిలిండరు అడుగు ముక్క మొరం గోడలో మూరెడు లోపలికి దిగబడి ఉంది. మెడ ముక్క రెండు రోజుల తర్వాత దూరంగా జొన్నచేలో దొరికింది. తోలు పట్టీలు అక్కడక్కడా కాలుతూ ఉన్నాయి. అమరేందర్ ఉన్నచోటనే కూలబడి, నాలుక పిడచకట్టుకుపోయి నీళ్ళు అడిగాడు.

ఎలిశిబా చేతుల్లోంచి మోకు జారిపోయింది. దేవునికి స్తోత్రమని పైకే అంది. గండం గడిచిందనుకుంది. కానీ సుబేదారు గుంటను చూసి వచ్చి, తుపాకులు మాత్రం తీయక తప్పదన్నాడు. యంత్రం లేకుండా ఇంతకుముందులాగా మునిగి తీయగలవా అని ఎల్లాన్ని అడిగాడు. ఎల్లం నోరు విప్పకముందే జనం అందుకున్నారు. మా ఎల్లం ఇలాంటి బావులు ఎన్ని చూశాడు, వాడికి యంత్రం ఎందుకు, వాడి దమ్మే వాడికి యంత్రం అని తలా ఒక మాట అన్నారు. ఎవరో అతని వీపు కూడా తట్టారు.

ఇలా అవుతుందని ఎలిశిబాకు తట్టనే లేదు. సిలిండరు నుంచి తప్పించి తమ్ముణ్ణి తిన్నగా ఆ పది గజాల నీళ్ళ అంచుకు తెచ్చి నిలబెట్టింది తనే. వాడికి దమ్ము లేదని ఒక్క మాట అంటే చాలు, వాడు బతుకుతాడు. ఆ మాటను తన నోటితో అంటే ఇంతమంది ముందు వాడు చచ్చినవాడితో సమానం. మిలిటరీ ముందూ గుంట ముందూ ఆగని ఆమె నోరు అక్కడ ఆగిపోయింది.

ఎల్లం బావి అంచుకు వెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళ వంక చూశాడు. గుంటలో ఇంకా పొగ లేస్తోంది. అతను వెనక్కి తిరిగాడు.

“నాతోని కాదు సాబ్,” అన్నాడు. “రెండేండ్ల సంది నాకు దమ్ము నిలుస్తలేదు. మా అక్కకు ఎరుకనే, నేనే చెప్పనియ్యలే. బావి తోడిపియ్యుండ్రి.”

వీపు తట్టిన మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎల్లం తల మాత్రం దించలేదు. ఆ మాటతో తన పేరూ, పనీ రెండూ బావిలో పడేశానని అతనికి తెలుసు, అయినా కళ్ళు తుడుచుకోకుండా నిలబడ్డాడు. ఎలిశిబా అప్పుడు ఏడ్చింది, నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు. ఆ రోజు గుంటలోకి దిగింది నువ్వే కదా, నీ ధైర్యమే ధైర్యమని తర్వాత ఎవరైనా పొగిడితే ఆమె ఒప్పుకునేది కాదు. నేను దిగింది మట్టిగుంట, మా తమ్ముడు దిగింది ఊరి ముందర, అది లోతు ఎక్కువ అనేది.

మరునాడు నీళ్ళు తోడడానికి బావికి ఆరు మోటలు కట్టారు. తుపాకులు కనిపించేసరికి నాలుగు రోజులు పట్టింది. మొదటి మోటకు ఎడ్లను తోలింది ఎల్లమే.